రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత తిండి: పథ్యమా, జ్యూసులా, ప్రొటీన్ డబ్బానా?

చికిత్స ముగించుకుని ఇంటికొచ్చిన మనిషికి డాక్టరు రాసిన మందుల చీటీ ఒక్కటే ఉంటుంది. తిండి సలహాలు మాత్రం నాలుగు వైపుల నుంచీ వచ్చి పడతాయి. "పప్పు, వంకాయ, గుడ్డు ముట్టుకోకు, చీము పడుతుంది" అని అత్తగారు. పాలు, గోధుమలు, మాంసం అన్నీ బంద్ చేయమంటూ "యాంటీ ఇన్‌ఫ్లమేటరీ" లిస్టు వాట్సాప్‌లో పంపే అక్క కొడుకు. సిరిధాన్యాలూ కషాయాలూ చాలు, ఇంకేమీ వద్దనే పక్కింటావిడ. నీరసంగా ఉందని చెబితే చాలు, ప్రొటీన్ డబ్బా చేతిలో పెట్టే మందుల షాపతను.

అందరిదీ ప్రేమే. కానీ నలుగురి మాటా ఒకేసారి వింటే కంచంలో మిగిలేది చారన్నమే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రోజుకు కావాల్సిన ప్రొటీన్ కంచంలోకి వచ్చిందా లేదా అన్నది మొదట చూసుకోవాలి, ఏవి మానాలన్నది ఆ తర్వాత. ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో లోలోపలి వాపు తగ్గించే తిండి మంచిదే, కానీ దాని పేరు చెప్పి కండకు అవసరమైనవి కూడా తీసేస్తే నష్టమే ఎక్కువ.

కండ మీద ఇంత పట్టు ఎందుకు

కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కండను కరిగిస్తాయి, ఆకలిని పెంచుతాయి. కీమో వల్ల చాలామందికి నెలసరి ముందే ఆగిపోతుంది, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను పడిపోతుంది. నెలల తరబడి విశ్రాంతి సరేసరి. ఇవన్నీ కలిసి ఒక విచిత్రమైన పని చేస్తాయి: కండ తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది, బరువు మాత్రం అంతే ఉంటుంది. కొందరికైతే పెరుగుతుంది కూడా. చూసినవాళ్లు "బాగా కోలుకున్నావు, ఒళ్లు చేశావు" అంటారు. బరువు చూసే మిషన్‌కు కండకూ కొవ్వుకూ తేడా తెలియదు కదా.

ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇక్కడ దెబ్బ తగిలితే వచ్చే వాపు కాదు. పైకి కనపడకుండా, ఒంట్లో తక్కువ స్థాయిలో ఎప్పుడూ రాజుతూ ఉండేది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఐఎల్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. వాటి ప్రభావంతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఇవి ఎక్కువగా ఉన్న ఒంట్లో కండలోని ప్రొటీన్ త్వరగా విరుగుతుంది, తిన్న ప్రొటీన్ కండగా మారడమూ మందగిస్తుంది. కండ తగ్గితే కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గితే పొట్ట పెరుగుతుంది, మళ్లీ మొదటికే.

2018లో జామా ఆంకాలజీ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే, బోస్టన్‌లోని డానా-ఫార్బర్ సంస్థల్లో చికిత్స పొందిన 3,241 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల స్కాన్లలో కండను కొలిచారు. అందరివీ రెండు, మూడు దశలే. రోగం బయటపడే నాటికే దాదాపు మూడో వంతు మందిలో కండ ఉండాల్సిన దానికన్నా తక్కువ. వాళ్లలో మరణం ముప్పు మిగతావారితో పోలిస్తే 41 శాతం ఎక్కువగా కనిపించింది. లావుగా ఉన్నవాళ్లలోనూ కండ తక్కువున్నవాళ్లు ఉన్నారు. ఇది పరిశీలన మాత్రమే, కండ తగ్గడం వల్లే ఇలా జరిగిందని దీన్నిబట్టి తేల్చలేం. అయినా కండను పట్టించుకోవడానికి ఈ కారణం చాలు.

మీ కండ సంగతి ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. ఆసియా దేశాల వారి కోసం 2019లో పెట్టిన కొలతల ప్రకారం, పిక్క లావుగా ఉన్నచోట చుట్టుకొలత ఆడవాళ్లలో 33 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే అనుమానించాలి. కాళ్లకు నీరు పట్టి ఉంటే ఈ కొలత పనికిరాదు. ఇంకోటి, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. ల్యాబ్ ప్యాకేజీల్లో అమ్మే సీఆర్‌పీ పరీక్ష కన్నా నాకు ఈ కుర్చీ పరీక్ష మీదే గురి. జలుబు చేసినా, పంటి చిగురు వాచినా సీఆర్‌పీ పెరుగుతుంది. ఒక్క రిపోర్టు చూసి తిండి మార్చేయకండి.

స్కోరు చూసి తింటే

ఏ తిండి ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది అని లెక్కగట్టే సూచీ ఒకటుంది, డైటరీ ఇన్‌ఫ్లమేటరీ ఇండెక్స్ అని. సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు, ఇప్పుడు ఎక్కువగా వాడేది 2014 నాటిది. వేల కొద్దీ పరిశోధన వ్యాసాలు జల్లెడ పట్టి 45 పోషకాలకూ పదార్థాలకూ మార్కులు వేశారు. పీచు, పసుపు, ఒమేగా-3 కొవ్వులు, బీటా కెరోటిన్, మెగ్నీషియం, అల్లం, వెల్లుల్లి, ఉల్లి, టీ తగ్గించే వైపు. సంతృప్త కొవ్వు, ట్రాన్స్ ఫ్యాట్, కేలరీలు పెంచే వైపు.

మన వంటింటి పోపు సామాన్లలో సగం మంచి జాబితాలోనే ఉన్నాయని సంబరపడొచ్చు. అసలు తిరకాసు వేరే ఉంది. ఇదే సూచీలో ప్రొటీన్, ఐరన్, బి12 విటమిన్ కూడా పెంచే వైపే పడ్డాయి. మార్కు చాలా చిన్నది, ప్రొటీన్‌కైతే దాదాపు సున్నా. అయినా ఈ లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చుంటే గుడ్డు, చేప, మాంసం తగ్గించి కాయగూరలతో కడుపు నింపుకుంటే గొప్ప స్కోరు వచ్చేస్తుంది. తొడ కండకు ఆ స్కోరుతో పనిలేదు. వేలమంది తిండి అలవాట్లను ఒకేసారి పోల్చడానికి పరిశోధకులు చేసుకున్న కొలబద్ద అది, ఒక మనిషి వంటగదికి రాసిన చీటీ కాదు.

ఆకుకూరలూ పళ్లూ పెంచినంత మాత్రాన రోగం తిరగబెట్టదని కూడా అనుకోవద్దు. అమెరికాలో 3,088 మంది రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన ఆడవాళ్లతో ఒక ప్రయోగం చేసి, 2007లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి కూరగాయలు, పళ్లు, పీచు బాగా పెంచి, కొవ్వు తగ్గించారు. ఏడేళ్లకు పైగా గమనిస్తే, రోగం తిరిగి రావడంలో రెండు గుంపులకూ తేడా లేదు. కాబట్టి ఒక పూట మైసూరు బజ్జీ తిన్నానని రాత్రంతా టెన్షన్ పడాల్సిన పనిలేదు.

నాలుగు దారులు పక్కపక్కన

పథ్యం సంగతి ముందు. ఆపరేషన్ అయ్యాక పప్పు, గుడ్డు, పెరుగు తింటే పుండు చీము పడుతుందన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా గట్టిగానే ఉంది. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, కందిపప్పు వల్ల కాదు. పుండు మానడానికే ప్రొటీన్ కావాలి. నాలుగు దారుల్లో కండకు ఎక్కువ చేటు చేసేది ఇదే, ఎందుకంటే సరిగ్గా కావాల్సినవాటినే తీసేస్తుంది. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవడం కన్నా, డాక్టరు చేత వాళ్ల ఎదురుగా ఒక్క మాట చెప్పించడం తేలిక.

జ్యూసులు, కషాయాలు. క్యారెట్, బీట్‌రూట్ జ్యూస్‌లో బీటా కెరోటిన్ ఉంటుంది, వడకట్టినందుకు పీచు పోతుంది, ప్రొటీన్ లేనట్టే. భోజనంతో పాటు ఒక గ్లాసు తాగితే అభ్యంతరం లేదు. భోజనం మానేసి తాగితే మాత్రం వద్దు.

కొబ్బరినూనె, నెయ్యి కొలిచి తాగే డైట్లు. కొన్నేళ్ల కిందట మన ఊళ్లను ఊపేశాయి, ఇప్పటికీ అక్కడక్కడా నడుస్తున్నాయి. బరువు వేగంగా తగ్గుతుంది, నిజమే. వేగంగా తగ్గిన బరువులో కండ కూడా పోతుంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే, పప్పులూ పళ్లూ తీసేయడంతో పీచు పడిపోతుంది. ఇన్‌ఫ్లమేషన్ లెక్కలోనూ కండ లెక్కలోనూ ఇది నాకు నచ్చదు.

ఇక మధ్యధరా సముద్ర దేశాల తిండి, మెడిటరేనియన్ డైట్. పప్పులు, కూరగాయలు, చేపలు, గింజలు, ఆలివ్ నూనె. వీటన్నింట్లో మంచి ఆధారాలున్నది దీనికే. ఆలివ్ నూనె సీసా కొంటేనే వస్తుందనుకోకండి. పెసలు, బొబ్బర్లు, తోటకూర, కానాగంతలు, వేరుశనగ గుళ్లు, పెరుగుతో మన కంచం అదే పద్ధతిలో కట్టుకోవచ్చు. నా ఓటు దీనికే. చిక్కల్లా ఒక్కటే, మన కంచంలో అన్నం వాటా మిగతావాటిని పక్కకు నెట్టేస్తుంది.

ప్రొటీన్ లెక్క, ఎక్కడి నుంచి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు చెప్పేది కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. క్యాన్సర్ రోగులకు యూరప్ పోషకాహార నిపుణుల సంఘం చెప్పేది ఒక గ్రాముకు పైన, వీలైతే 1.5 గ్రాముల దాకా. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టరు చెప్పిందే తినాలి.

ఇప్పుడు మామూలు శాకాహార కంచం చూడండి. పొద్దున మూడు ఇడ్లీలు, చట్నీ: 7 గ్రాములు. మధ్యాహ్నం 125 గ్రాముల బియ్యంతో అన్నం 10, అందులోకి 30 గ్రాముల కందిపప్పు 6.5, కూర 2, ఒక కప్పు పెరుగు 5. సాయంత్రం టీలో పాలు 3. రాత్రి రెండు చపాతీలు, కూర 7. మొత్తం 40 దాటి ఆగిపోతుంది. ఇది బాగా తిన్న రోజు లెక్క. ఇంకో 20, 25 గ్రాములు ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు ఎంపిక.

గుడ్డు అన్నిటికన్నా తేలిక. ఒక్కోదానికి 6 గ్రాములకు పైనే, నమలడానికి ఇబ్బంది ఉండదు, వండటానికి ఓపిక అక్కర్లేదు. తెల్లసొన మాత్రమే తినాలన్న పట్టింపు, కొలెస్ట్రాల్ సమస్య ఉండి డాక్టరు చెబితే తప్ప, అవసరం లేదు.

చేప, కోడి రెండూ వంద గ్రాములకు 20 గ్రాముల చుట్టుపక్కల ఇస్తాయి. రెంటిలో ఒకటే అంటే నేను చేపనే ఎంచుకుంటాను, ఒమేగా-3 కోసం. ఆ ఒమేగా-3 కూడా ఖరీదైన చేపల్లోనే ఉంటుందనుకోకండి. విశాఖ, కాకినాడ రేవుల్లో చవగ్గా దొరికే కవళ్లు, కానాగంతల్లో బాగా ఉంటుంది. పులస రుచి పులసదే, దానికి పోసే డబ్బుతో నెలంతా కానాగంతల పులుసు తినొచ్చు. చేప మంచిదే కానీ నూనెలో ముంచి వేపితే ఆ మంచి చాలావరకు పోతుంది.

శాకాహారులకు మీల్‌మేకర్ లాంటిది లేదు. 30 గ్రాముల పొడి మీల్‌మేకర్‌లో 15 గ్రాముల ప్రొటీన్. ఇక్కడే చాలామంది వెనకాడతారు, రొమ్ము క్యాన్సర్‌కు ఊతమిచ్చే ఈస్ట్రోజెన్ సోయాలో ఉంటుందట కదా అని. సోయాలో ఉండేవి ఐసోఫ్లేవన్లు అనే మొక్కల రసాయనాలు, మన ఈస్ట్రోజెన్ కావు. చైనాలోని షాంఘైలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 5,042 మంది ఆడవాళ్లను గమనించి 2009లో ఫలితాలు చెప్పారు. సోయా పదార్థాలు ఎక్కువ తిన్నవాళ్లలో రోగం తిరగబెట్టడం, మరణాలు తక్కువగానే కనిపించాయి. వాళ్లు తిన్నది సోయాను తిండిగానే. ఐసోఫ్లేవన్ మాత్రలకు ఈ మాట వర్తించదు, అవి వద్దు.

పప్పుల్లో పోలిక అక్కర్లేదు, అన్నీ వందకు 22 గ్రాముల అటూఇటూ. చూడాల్సింది ఎంత పలచగా వండుతున్నామన్నది. నీళ్లలా చేసిన పప్పుచారు రెండు గరిటెలు పోసుకుని "పప్పు తిన్నాను" అనుకుంటే లెక్క తప్పుతుంది. ముద్దపప్పు నయం. 60 గ్రాముల పెసలు నానబోసి వేసిన పెసరట్లు 13 గ్రాములిస్తాయి, పీచు అదనం. ఇడ్లీ, ఉప్మా, పూరీ, పెసరట్టులో పొద్దున ఏది అంటే నేను ఆలోచించకుండా పెసరట్టే అంటాను. ఇంతకీ మన ఇళ్లలో ప్రొటీన్ తక్కువ పడేది పొద్దున పూటే. వయసు పెరిగిన కండకు ఒక్కో పూట 20, 25 గ్రాములు అందితే బాగా వాడుకుంటుంది, అంతా మధ్యాహ్నమే తింటే అంత ఉపయోగం ఉండదు. అన్నంలోకి కందిపొడి, పుట్నాల పొడి, సాయంత్రం జంతికల బదులు గుప్పెడు ఉడికించిన పల్లీలో శనగలో కూడా లెక్కలోకి వస్తాయి. సున్నుండ బరువు తగ్గిపోతున్నవాళ్లకు మంచిది. బరువు పెరుగుతున్నవాళ్లు బెల్లం, నెయ్యి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ప్రొటీన్ డబ్బా చివరి దారి. నోరు పూసి, వాంతులై తిండి సహించనప్పుడు డైటీషియన్ రాస్తే తీసుకోవాలి, సిగ్గుపడాల్సింది లేదు. మామూలుగా తినగలిగిన మనిషికి అక్కర్లేదు. కొంటే డబ్బా వెనక పట్టిక చదవండి. బలం కోసం అని అమ్మే మాల్ట్ పొడుల్లో చాలావాటిలో ప్రొటీన్ కన్నా చక్కెరే ఎక్కువ.

అన్నం, సిరిధాన్యాలు, నూనె

తెల్లన్నం విషం కాదు. వంద గ్రాముల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10, రాగుల్లో 11. అందుకని రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె మంచి మార్పు. ప్రొటీన్ కోసం మాత్రం రాగుల మీద ఆశ పెట్టుకోకండి, వాటిలో 7 గ్రాములే, బియ్యం కన్నా తక్కువ. కాల్షియంలో రాగులకు పోటీ లేదు, వందకు 364 మిల్లీగ్రాములు. ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు ఎముకల్ని పలచబరుస్తాయి కాబట్టి ఆ మాత్రలు వేసుకునేవాళ్లకు రాగిజావ, మజ్జిగ మంచి జోడీ.

నూనెల్లో వేరుశనగ, నువ్వులు, తవుడు నూనె మార్చి మార్చి వాడితే చాలు. పామాయిల్లో సగం సంతృప్త కొవ్వే, అది తగ్గించాలి. బేకరీ పఫ్, మళ్లీమళ్లీ కాగిన నూనెలో పునుగులు రోజూ వద్దు.

పసుపు: డబ్బాలోదా, క్యాప్సూల్‌లోదా

ఇన్‌ఫ్లమేషన్ అనగానే పసుపు క్యాప్సూళ్లు అమ్ముకొస్తారు. ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర వాడుతున్నవాళ్లు ఇక్కడ ఆగాలి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు టామాక్సిఫెన్ వాడుతున్న కొద్దిమందికి రోజుకు మూడుసార్లు 1,200 మిల్లీగ్రాముల చొప్పున పసుపులోని సారం కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. ఒంట్లో టామాక్సిఫెన్ ఎండాక్సిఫెన్‌గా మారి పనిచేస్తుంది. కర్క్యుమిన్‌తో పాటు మిరియాల సారం పైపెరిన్ కూడా ఇచ్చినప్పుడు ఆ ఎండాక్సిఫెన్ స్థాయి పదో వంతుకు పైగా తగ్గింది. క్యాప్సూళ్లలో చాలావాటిలో ఈ రెండూ కలిపే ఉంటాయి.

కూరలో వేసే పసుపు సంగతి వేరు. అర టీస్పూను పసుపులో కర్క్యుమిన్ యాభై మిల్లీగ్రాముల దాకా ఉంటుందంతే. కూరలో, చారులో ఎప్పటిలాగే వాడుకోవచ్చు. క్యాప్సూల్ మాత్రం డాక్టరుకు చెప్పకుండా వద్దు.

నడకా, బరువులా

తిన్న ప్రొటీన్ కండగా మారాలంటే కండకు పని చెప్పాలి. నడక గుండెకు, పొట్టకు మంచిది, కానీ కండ పెంచడానికి అదొక్కటే చాలదు. ఎంచుకునే పనిలేకుండా రెండూ చేయడం మేలు: వారంలో ఎక్కువ రోజులు అరగంట నడక, రెండు రోజులు బరువులు.

"ఆపరేషన్ అయిన చేత్తో బిందె కూడా ఎత్తకు" అని చెప్పడం మామూలు. చెయ్యి వాస్తుందని భయం. అమెరికాలో ఈ భయాన్నే పరీక్షకు పెట్టారు. అప్పటికే చెయ్యి వాచిన 141 మందిలో కొందరి చేత వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం వాపు పెరగలేదు, ఉన్నట్టుండి ముదరడం ఎత్తనివాళ్లలో 29 శాతం మందికి జరిగితే ఎత్తినవాళ్లలో 14 శాతానికే జరిగింది. వాళ్లు చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టారు, మొదటి 13 వారాలు నేర్పేవాళ్లు పక్కనుండి చూశారు, చేతికి బిగుతు తొడుగు వేసుకున్నారు. ఇవి వదిలేసి నేరుగా బిందె ఎత్తమని కాదు. అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టి, ఫిజియోథెరపిస్టును అడిగి పెంచుకోవాలి. కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులానించి నెట్టడం ఇంట్లో చేసుకోదగ్గవి. లెట్రోజోల్ లాంటి మాత్రలతో కీళ్లు పట్టేసేవాళ్లకు కూడా నడక, బరువులు కలిపి చేయిస్తే నొప్పి తగ్గిందని యేల్ విశ్వవిద్యాలయం ప్రయోగంలో తేలింది.

ఎముకలకు రోగం పాకినవాళ్లు, ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు వల్ల గుండె పంపింగ్ తగ్గినవాళ్లు డాక్టరు ఒప్పుకున్నాకే బరువులు మొదలుపెట్టాలి. కీమో మధ్యలో ఉండి బరువు పడిపోతున్నవాళ్లకు ఇన్‌ఫ్లమేషన్ లిస్టులేవీ వద్దు, గుడ్డు పొరటో, పెరుగన్నమో, ఐస్‌క్రీమో, ఏది సహిస్తే అది కొంచెం కొంచెంగా చాలాసార్లు తినాలి. చికిత్స అయిపోయి పొట్ట పెరుగుతున్నవాళ్లు అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పు, కూర పెంచుకుంటే సరిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కూడా ఇదే పనికొస్తుంది, మందుల మోతాదు మాత్రం చూపించుకోవాలి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడు రోజులు తిన్నదంతా కాగితం మీద రాసి, పిక్క కొలత, కుర్చీ పరీక్ష సెకన్లు పక్కన వేసి తీసుకెళ్లండి. "ఏం తినాలి డాక్టర్" అని అడిగితే "అన్నీ తినొచ్చమ్మా" అనే జవాబే వస్తుంది. ఆ కాగితం చూపిస్తే మీ కంచంలో ఏది తక్కువో చెప్పడం డైటీషియన్‌కు సులువు.